పాచికి మేత వేసిందెవరు

పాచి గురించి నాకు ఎవరూ పాఠం చెప్పనక్కర్లేదు. హిందూపురంలో పదహారేళ్లుగా చేపల అంగడి నడుపుతున్నాను. అందరూ అమ్మే మంచినీళ్ల చేపలతో పాటు, సముద్రపు నీళ్లలో పగడాలు పెంచే తొట్టి కూడా ఒకటి పెట్టుకున్నాను. ఆ తొట్టిలో ఎడమ మూల కొంచెం పచ్చగా ఉంటుంది, నిజమే. అది కిటికీలోంచి పడే ఎండ వల్ల. అడిగిన ప్రతివాడికీ ఈ మాటే చెప్పాను. ఎండను నేనేం చేయగలను?

ఈ పిచ్చి చుట్టుపక్కల నాకొక్కడికే ఉందని అనుకుంటూ ఉండగా ధర్మవరం ఉదయ్ కుమార్ తగులుకున్నాడు. వాళ్లది పట్టుచీరల వ్యాపారం. తాతల కాలం నుంచి మగ్గాలున్న ఇల్లు. ముందు హాల్లో పరుపులు పరిచి చీరలు చూపిస్తారు, వెనక హాల్లో భోజనాలు చేస్తారు. బెంగళూరులో ఎవరో బంధువుల ఇంట్లో సముద్రపు తొట్టి చూసి వచ్చి, చెప్పులు కూడా విడవకుండా నాకు ఫోన్ చేశాడట.

"రామాంజీ, మా ఇంట్లో సముద్రం పెట్టాలప్పా. ఎప్పుడొస్తావు?" అన్నాడు.

ధర్మవరానికి సముద్రం ఎంత దూరమో గుర్తుచేసి ఫోన్ పెట్టేయాల్సింది. పెట్టేయలేదు. నాతో పాచి గురించీ పగడం గురించీ మాట్లాడే మనిషి ఇన్నేళ్లకు ఒకడు దొరికాడని సంబరపడి, ఆ మర్నాడే పోయి వాకిట్లో నిలబడ్డాను.

తొట్టికి ముందు హాలు గోడ బాగుంటుందని చెప్పాను. నా మాట ఎవరు వింటారు? వాస్తు చూసే ఆయన ఒకాయన వచ్చి, ఇల్లంతా కాలుగాలిన పిల్లిలా తిరిగి, నీళ్లు ఈశాన్యంలోనే ఉండాలని తేల్చాడు. ఆయన దృష్టిలో బిందె, బోరు, సముద్రం మూడూ ఒకటే. ఆ ఇంటి ఈశాన్యంలో భోజనాల బల్ల ఉంది. బల్ల జరపడానికి మాత్రం ఆయన శాస్త్రంలో ఏమీ రాసి లేదు. అందుకని బల్ల పక్కనే, కూర్చుని తినేవాళ్ల ముఖాలకు ఎదురుగా తొట్టిని నిలబెట్టాం. ధర్మవరం ఎండలకు నీళ్లు వేడెక్కుతాయని నేనే పైన మూత లేకుండా చేయించాను. కుర్చీలోంచి చెయ్యి చాపితే నీళ్లు అందుతాయి. అప్పుడు అది నాకు అందంగానే కనిపించింది.

మూడు నెలలు తొట్టి అద్దంలా ఉంది. అప్పుడు నేనొక తెలివితక్కువ పని చేశాను. నా గుండీ పగడాన్ని ఆ ఇంటికి ఇచ్చాను.

గుండీ పగడం అని నేను పెట్టుకున్న పేరే. రాయిని పట్టుకుని బతికే మెత్తటి ప్రాణి అది. ఒక్కొక్కటి చొక్కా గుండీ అంత ఉంటుంది. నడుమ పచ్చ, చుట్టూ నారింజ అంచు. దీపం వేస్తే విచ్చుకుంటుంది, దీపం తీస్తే ముడుచుకుంటుంది. నా దగ్గరికి వచ్చినప్పుడు రాయి మీద ఐదే గుండీలు. నాలుగేళ్లు సాకాను. కరెంటు పోతే పక్కన కూర్చుని గంటల తరబడి గరిటెతో నీళ్లు కదిపాను. నా భార్య భవాని కాన్పుకని పరిగిలో పుట్టింట్లో ఉండి, నొప్పులు మొదలయ్యాయని ఫోన్ చేయిస్తే, "తొట్టిలో నీళ్లు సగం తీసేసినా, మార్చి వస్తాండా" అన్నవాణ్ణి. ఆ మాట ఆమె చచ్చేదాకా మరచిపోదు. ఆ ఐదు గుండీలూ నూట నలభై రెండయ్యాయి.

ఉదయ్ కుమార్ తొట్టికి పూజ చేయించి, నన్ను పీట మీద కూర్చోబెట్టి పట్టు పంచె పెట్టించాడు. పదిమందిలో అంత మర్యాద నాకు ఎప్పుడూ జరగలేదు. నా మనసు వెన్నలా కరిగింది. మరుసటి వారం రాయిని బక్కెట్లో పెట్టుకుని పోయి, "ఇది మీ ఇంట్లోనే ఉండనీ అన్నా" అని ఇచ్చేశాను. ఇచ్చినదాన్ని తిరిగి అడిగే అలవాటు మావైపు లేదు. అడిగితే తలెత్తుకుని తిరగలేం. అది తెలిసే ఇచ్చాను, పంచె మత్తులో.

ఐదో నెలలో ఉదయ్ కుమార్ దగ్గర్నుంచి ఫోన్.

"రామాంజీ, రాళ్లకు మీసాలొచ్చినాయప్పా."

పోయి చూస్తే మీసాలు కాదు, గడ్డాలు. వేలెడు పొడుగు పచ్చటి పాచి రాళ్లంతా పట్టుకుని నీళ్లలో ఊగుతోంది. నా గుండీల మీదికి కూడా ఎక్కింది. పాచి మీద పడితే అవి విచ్చుకోవు. విచ్చుకోకపోతే వెలుగు తగలదు, వెలుగు తగలకపోతే చస్తాయి. ఆ రోజు విచ్చుకున్నవి నూట పది. నేను లెక్కపెడుతుంటే ఉదయ్ కుమార్ నా వెనక నిలబడి ఫోన్లో వీడియో తీసుకుంటున్నాడు.

పాచి రావడానికి పెద్ద రహస్యం ఏమీ లేదు. చేప తినగా మిగిలింది నీళ్లలో కుళ్లుతుంది. ఆ కుళ్లు పాచికి ఎరువు. చేనుకు ఎరువు వేసి, గడ్డి ఎందుకు మొలిచిందని ఏడిస్తే ఎట్లా? అందుకే రోజుకు ఒక్కసారి, ఒక్క చిటికెడు మేత, నిమిషంలో తినేసేంత మాత్రమే వేయాలని పెద్ద అక్షరాలతో రాసి తొట్టి పక్క గోడకు అంటించాను.

"ఎంత వేస్తాండారు?" అని అడిగాను.

"నువ్వు చెప్పినట్టే. చిటికెడే" అన్నాడు ఉదయ్ కుమార్.

"చిటికెడే" అంది అతని భార్య యమున.

"ఆ డబ్బా నేను ముట్టుకోనే ముట్టుకోను" అంది అతని తల్లి కుళ్ళాయమ్మ.

గుమాస్తా శంకరప్ప కూడా తల ఊపాడు. మధ్యాహ్నం భోజనం అతనిది ఆ ఇంట్లోనే.

నమ్మాను. నమ్మి, తప్పు నీళ్లలో వెతికాను. ఫిల్టరు మార్చాను. దీపాలు వెలిగే సమయం సగానికి తగ్గించాను. పళ్లు తోముకునే బ్రష్షు పట్టుకుని రాయి రాయినీ తోమాను. పాచి తినే నత్తలను ముప్పై తెచ్చి వదిలాను. నీళ్లు పరీక్ష చేస్తే ఎరువు జాడే కనిపించలేదు. కనిపించదు మరి, ఉన్నదంతా పాచే తాగేస్తుంటే నీళ్లలో ఏం మిగులుతుంది?

ఈలోపు ఆ ఇంటి వైద్యం ఆ ఇల్లు చేసుకుంటూనే ఉంది. మూడు రోజులు చీకటి చేస్తే పాచి చస్తుందని ఉదయ్ కుమార్ ఎక్కడో చూసి, చీరలు చుట్టే గుడ్డతో తొట్టినంతా చుట్టాడు. చుట్టి ఊరుకుంటే బాగుండేది. చచ్చిందా లేదా అని గంటకోసారి గుడ్డ ఎత్తి టార్చి వేసి చూశాడు. చూసిపోయిన జనం దిష్టి తగిలిందని కుళ్ళాయమ్మ తొట్టి పైన గుమ్మడికాయ కట్టించింది. పచ్చగా ఉండేది ఇంటికి మంచిదే కదప్పా అని శంకరప్ప నన్ను ఓదార్చాడు. అందరికంటే యమున నయం. పాచిని ఫోటో తీసి, అదే రంగులో ఒక చీర నేయించింది, నారింజ అంచుతో. ఆ చీర చూసినవాళ్లంతా అలాంటిదే కావాలన్నారు. నా పగడం చస్తుంటే, దాని రంగులు మగ్గం మీద వెలిగిపోతున్నాయి.

ప్రతి గురువారం హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం పోయి తోమి వచ్చేవాణ్ణి. పోయిన ప్రతిసారీ కుళ్ళాయమ్మ నన్ను భోంచేయకుండా గడప దాటనివ్వలేదు. ఒకనాడు బొరుగుల ఉగ్గాని బజ్జీ, ఒకనాడు రాగి సంగటి, ఒకనాడు బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు. ఆమె వంటకు వంక పెట్టేవాడికి నాలుక లేనట్టే. తింటూనే వాళ్లకు పాచి గురించి చెప్పేవాణ్ణి. వాళ్లు శ్రద్ధగా వినేవాళ్లు. ఎదురుగా అద్దానికి ముక్కులు ఆనించి తొట్టిలోని రెండే రెండు క్లౌన్ చేపలు, తెల్ల పట్టీల నారింజ చేపలు, నోళ్లు తెరుస్తూ మూస్తూ మమ్మల్నే చూసేవి.

తొమ్మిదో నెలకు గుండీలు అరవై ఏడుకు వచ్చాయి. ఆ రోజు రెండుసార్లు లెక్కపెట్టాను. పక్కనే నిలబడి ఉదయ్ కుమార్ నోరు జారాడు.

"నీ ఉప్పులోనే ఏమో ఉండాదప్పా. కల్తీ ఉప్పేమో చూసుకో."

సముద్రపు నీళ్లు చేసే ఆ ఉప్పు నేనే తెచ్చి, నేనే కలిపి, నేనే పోస్తాను. నన్ను తిడితే పడతాను, నా నీళ్లను అంటే పడను.

"ఉప్పు కాదన్నా. మీ ఇంట్లో ఎవరో దొంగచాటుగా మేపుతాండారు. నాకు తెలుస్తాంది" అన్నాను.

"మా ఇంట్లో దొంగలుండారంటావా?"

"ఉండారు. చెయ్యి దొరికిన పొద్దు చెప్తాను."

మాట పెరిగింది. శంకరప్ప కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. యమున మాత్రం చల్లగా తలెత్తి, హాలు మూలలో ఉన్న కెమెరా చూపించింది. లోపలి బీరువాల్లో చీరలుంటాయని పెట్టించిన కెమెరా అది. పదిహేను రోజులది దాచుకుంటుంది. ఆ ఇంట్లో అందరూ దాని కిందే తిరుగుతూ దాన్ని ఎప్పుడో మరచిపోయారు.

నేను వెనకా ముందూ చూడలేదు. "చూద్దాం పాండి. మీ ఇంటివాళ్ల చెయ్యి కనపడిందంటే నా రాయి నాకిచ్చేయాల. కనపడలేదంటే తప్పు నాదే. మళ్లా ఈ గడప తొక్కను" అన్నాను. అడగకూడనిది అడగడానికి నాకు అంతకంటే మంచి దారి దొరకలేదు. లోపల ఎంత సంతోషపడ్డానో చెప్పలేను.

"సరే" అన్నాడు ఉదయ్ కుమార్, మీసం మీద చెయ్యి వేసి.

కెమెరాను టీవీకి కలిపారు. అందరం భోజనాల బల్ల చుట్టూ కూర్చున్నాం. సినిమాకు కూర్చున్నట్టు కుళ్ళాయమ్మ బొరుగుల గిన్నె కూడా తెచ్చుకుంది.

మొదటి రోజు పొద్దున ఏడు గంటలు. తెర మీద కుళ్ళాయమ్మ. పూజ ముగించి వచ్చి, నాలుగు దిక్కులూ చూసి, గుప్పెడు బొరుగులు తొట్టిలో వేసి దండం పెట్టుకుంది.

"అది మేతెట్లయితాది? ప్రసాదం" అంది కుళ్ళాయమ్మ, తెర వైపు చూస్తూనే.

ఎనిమిదింటికి యమున వచ్చింది. దోసె తింటోంది. చేప నోరు తెరిచింది. యమున చిన్న తునక తుంచి వేసింది. చేప మళ్లీ నోరు తెరిచింది. యమున మళ్లీ వేసింది.

"ఒక తునకకు ఏమైతాదిలే అనుకుంటిని" అంది.

తొమ్మిదింటికి స్వయంగా యజమాని. బజ్జీ ముక్కను కాగితం మీద ఒత్తి, నూనె పోయిందో లేదో వెలుగులో పెట్టి చూసి మరీ వేశాడు. "నూనె తీసేస్తిని గదా" అన్నాడు నాతో, నేనేదో మెచ్చుకోవాలన్నట్టు. పదకొండింటికి శంకరప్ప. బిస్కట్టు గట్టిగా ఉంటే చేపకు ఇబ్బందని టీలో ముంచి మెత్తబరిచి వేశాడు. తొట్టి పక్క గోడ మీద నేను అంటించిన కాగితం ప్రతి దృశ్యంలోనూ ఎంత స్పష్టంగా కనిపిస్తోందో.

మధ్యాహ్నం మళ్లీ నలుగురూ. సాయంత్రం మళ్లీ నలుగురూ. ఎవరికివారు పక్కవాళ్లు చూడకుండా వేస్తున్నారు. ఎవరికివారు తామొక్కరే వేస్తున్నామనుకుంటున్నారు. ఒక్కొక్కరిదీ ఒక్క మెతుకే. అన్నీ కలిపితే ఆ రెండు చేపలకు రోజూ పెళ్లి భోజనం.

"చిటికెడే అంటిరి గదా" అన్నాను. నా గొంతు నాకే తియ్యగా వినిపించింది.

"డబ్బా ముట్టుకోలేదంటి. నిజమే గదా" అంది కుళ్ళాయమ్మ.

"ఏమన్నా, తినేటప్పుడు ఆ పక్కకు చూడకుండా తినలేరా? మనుషులేనా మీరు? చదువుకున్నోళ్లు, వ్యాపారం చేసేటోళ్లు. ఒక చేప నోరు తెరిస్తే చెయ్యి ఆపుకోలేరా? అది మిమ్మల్ని అడుక్కుంటాందనుకుంటిరా? దానికి ఊపిరాడేదే అట్ల" అన్నాను. ఇంకా చాలా అన్నాను. నాలుగు నెలలుగా తోమిన చేతులు నావి. ఉదయ్ కుమార్ తల దించుకుని విన్నాడు. నేను లేచి, బక్కెట్ తెచ్చుకోవడానికి వాకిలి వైపు నడిచాను.

"ఉండప్పా. ఇంకా అయిపోలేదు" అంది యమున వెనక నుంచి.

తెర మీద గురువారం నడుస్తోంది. మధ్యాహ్నం ఒంటిగంట. భోజనాల బల్ల దగ్గర నేను కూర్చుని ఉన్నాను. ముందు ఓళిగలు. నా ఎడమచెయ్యి పైకి లేచి, చూపుడువేలు ఆడుతోంది. కెమెరాలో మాట వినపడదు. కానీ ఆ రోజు నేనేం చెబుతున్నానో నాకు బాగా గుర్తుంది. ఒక్క మెతుకు కూడా వేయకూడదని చెబుతున్నాను. ఇంటివాళ్లంతా నా ముఖమే చూస్తూ తలలు ఊపుతున్నారు. నా కుడిచెయ్యి ఓళిగ అంచు తుంచి, అటు తిరగకుండానే, తొట్టిలో పడేసి, మళ్లీ విస్తరి దగ్గరికి వచ్చింది. చేప తింది. నా ఎడమచేతి వేలు ఇంకా ఆడుతూనే ఉంది.

ఆ తర్వాతి గురువారం కూడా చూపించారు. ఆ రోజు సంగటి.

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. ఏదో ఒకటి అనాలని నోరు తెరిచాను.

"ఒక తునకకు..." అన్నాను. అక్కడితో ఆగిపోయాను.

చిన్నప్పుడు మా అమ్మ చెప్పేది. తినేటప్పుడు ఎవరైనా నోరు తెరుచుకుని చూస్తే, వాళ్లకింత పెట్టకుండా తింటే కడుపునొప్పి వస్తుందని. కుక్కయినా సరే, కాకయినా సరే. మా వైపు ఏ ఇంట్లోనైనా ఇదే చెబుతారు. నేను అలాంటివి నమ్మను. నా చెయ్యి నమ్ముతుందని నాకు తెలియదు.

కుళ్ళాయమ్మ బొరుగుల గిన్నె పక్కన పెట్టింది.

"దానికేమిటికప్పా మొగం అట్ల పెట్టుకుంటావు? నోరు తెరిచి చూసేదానికి పెట్టకుండా తినే మనిషికి నేను అన్నమే పెట్టను" అంది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "రేయ్, తొట్టి జరపాలంటే వాస్తు గానీ, బల్ల జరిపేదానికి ఏమి అడ్డం? లోపలి గదిలో వేయండి."

ఉదయ్ కుమార్, శంకరప్ప, యమున, నేను తలా ఒక కాలు పట్టుకున్నాం. ఐదు నిమిషాలు పట్టింది. నాలుగు నెలలు, ముప్పై నత్తలు, ఒక గుమ్మడికాయ, తోముడు బ్రష్షులు ఎన్నో. చివరికి మందు నాలుగు కాళ్ల బల్ల.

నేను చెప్పులు వేసుకుంటుంటే కుళ్ళాయమ్మ పిలిచింది. "నీ రాయి ఎత్తుకుపోలేదేమి?"

"నేనూ ఓడిపోతిని గదమ్మా."

"ఓడితే ఓడినావులే. ఆ పొద్దు నువ్వు దాన్నిచ్చేటప్పుడు నీ మొగం చూసినా. పంచె కోసం బిడ్డనిచ్చినట్టుంటివి. అప్పుడే తీసుకుపొమ్మని చెప్పాల్సింది. ఆశపడి ఊరుకుంటిమి. ఎత్తుకుపో నాయనా."

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. దాచుకోలేదు. మూత బక్కెట్లో తొట్టి నీళ్లు పోసి, రాయిని దించి, వ్యాన్లో కాళ్ల దగ్గర పెట్టుకుని బయలుదేరాను. పెనుకొండలో టీకి ఆగి బన్ను తింటుంటే ఒక కుక్క వచ్చి ఎదురుగా కూర్చుంది. సగం బన్ను దాని ముందు పడ్డాక నా చెయ్యి వైపు చూసుకున్నాను. కొంచెం భయం వేసింది.

హిందూపురం చేరి అంగడి తెరిచి, రాయిని దాని పాత చోట పెడదామని తొట్టి దగ్గరికి పోయాను. పాత చోటు ఎడమ మూల. పచ్చగా ఉండే మూల. పది రోజులుగా ముసురు పట్టి ఉంది, కిటికీ మూసే ఉంది. ఎండ పొడ లేదు. పాచి మాత్రం ఇంకో వేలెడు పెరిగింది. ఆ మూల పక్కనే ఒక స్టూలు ఉంటుంది. భవాని క్యారియర్ తెస్తే, నాలుగేళ్లుగా నేను దాని మీద కూర్చునే తింటున్నాను.

నన్ను చూసి తొట్టిలో చేపలు ఆ మూలకే వచ్చి నోళ్లు తెరిచాయి. తర్వాత రాయిని కుడి మూలలో పెట్టి, స్టూలును అంగడి అవతలి చివరకు లాగి, గోడకు ముఖం తిప్పి వేసుకున్నాను.

మర్నాడు భవాని క్యారియర్ పట్టుకొచ్చి నన్ను చూసి గుమ్మంలోనే ఆగింది.

"ఏమి, గోడను చూసుకుంటా కూర్చోనుండావు?"

"ఊరికే" అన్నాను.

ఆమె నన్ను చూసింది, స్టూలును చూసింది, తొట్టి ఎడమ మూలను చూసింది. "ఎండంటివే" అంది. కాన్పునాడు నీళ్లు మార్చి వస్తానన్న మాటకు ఇప్పుడు దీన్ని కూడా కలుపుకుంటుంది.

ఆరు వారాల్లో రెండు ఊళ్లలోనూ పాచి తగ్గింది. నా గుండీలు ముప్పై ఎనిమిది దాకా పడిపోయి, మెల్లగా నలభై మూడుకు వచ్చాయి. వచ్చినవాళ్లంతా ఎట్లా తగ్గిందని అడుగుతున్నారు. కిటికీకి తెర వేశానని చెబుతున్నాను.

అన్నట్టు, గోడ వైపు తిరిగి ఎవరికీ పెట్టకుండా తిన్న ఆ మొదటి రోజు, సాయంత్రం దాకా నాకు ఒకటే కడుపునొప్పి. భవానికి చెప్పలేదు.